మా “ఆయ్” వెనకాల ఏముందో ఒకసారి అడగండి

కోనసీమలోను, ఉభయ గోదావరి జిల్లాల డెల్టా ఊళ్లలోను వైద్యం చేస్తున్న డాక్టరు గార్లకు, నర్సమ్మలకు, మెడికల్ షాపుల వారికి,

నమస్కారాలు.

నేను గోదావరి వైనతేయ పాయ ఒడ్డున ఒక లంక ఊళ్లో ఉంటాను. నాలుగెకరాల్లో రొయ్యల చెరువులు, గట్ల మీద కొబ్బరి, అదీ మా బతుకు. వైద్యం గురించి మీకు చెప్పేంత చదువు నాకు లేదు. రోగి పక్కన స్టూలు మీద కూర్చున్న అనుభవం మాత్రం చాలా ఉంది. మా నాన్న, మా మావయ్య, ఇప్పుడు మా అమ్మ. ఆ స్టూలు మీద నుంచి కనబడినవి రాస్తున్నాను.

మా వైపు పెద్దవాళ్లు, చదువుకున్నవాళ్లు ఏం చెప్పినా “ఆయ్” అంటాం. మీలో చాలామంది ఇక్కడి బిడ్డలే కాబట్టి ఇది మీకు కొత్త కాదు. వేరే జిల్లాల నుంచి వచ్చినవారికి చెప్పాలి. మేం ఆయ్ అంటే విన్నామని, మీ మాటకి ఎదురు చెప్పడం లేదని, మీరంటే గౌరవమని. అర్థమైందన్న సంగతి మాత్రం ఆ మాటలో లేదండి. డాక్టరు గారు “అర్థమైందా?” అంటే కూడా మేం ఆయ్ అనే అంటాం. అర్థం కాలేదని చెప్పడం మొహమాటం.

పోయిన వర్షాకాలంలో ఆ ఒక్క ఆయ్ మా అమ్మ ప్రాణం మీదికి తెచ్చింది.

అమ్మకి 74 ఏళ్లు. కీళ్లవాతం. వేళ్లు వంకర్లు పోయి కవ్వం పట్టుకోలేని స్థితికొచ్చింది. ఒక డాక్టరు గారికి చూపించాం. మంచి డాక్టరే, ఈ మాట మనస్ఫూర్తిగానే అంటున్నాను. మెథోట్రెక్సేట్ అనే మాత్ర రాశారు. అది వారానికి ఒక్కసారే వేసుకోవాలి. మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్ర. చీటీ మీద ఇంగ్లీషులో రాశారు, నోటితో కూడా చెప్పారు. అమ్మ ఆయ్ అంది. పక్కనున్న నేనూ ఆయ్ అన్నాను. నా చెవిన ఫోనుంది. చెరువు నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ ఆగిపోయిందని కుర్రాడు అప్పుడే చేశాడు. కింద మందుల షాపులో జనం. రెండూ పసుపు రంగు చిన్న మాత్రలే. కవరు మీద షాపు కుర్రాడు పెన్నుతో రెండు గీతలు గీసి చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చేసరికి రోజూ వేసుకోవాల్సింది వారానికోసారి, వారానికోసారి వేసుకోవాల్సింది రోజూ అయిపోయింది.

ఆరో రోజుకి నోరంతా పూసింది. వేడి చేసిందనుకున్నాం. కొబ్బరి బోండాలకి మాకు కరువా, రోజుకి మూడేసి తాగించాం. సగ్గుబియ్యం జావ, పల్చటి మజ్జిగ. ఇంట్లో వాళ్లం, ఇరుగుపొరుగు, అందరం వేడి తగ్గే ఉపాయం చెప్పినవాళ్లమే కానీ కొత్తగా ఏం మందులు మొదలుపెట్టారు అని ఒక్కరం అడగలేదు. తొమ్మిదో రోజుకి జ్వరం. మంచినీళ్లు కూడా గొంతు దిగలేదు. కారు మాట్లాడుకుని ఎదుర్లంక వంతెన మీదుగా కాకినాడ తీసుకెళ్లాం. రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోయాయన్నారు.

అక్కడ డ్యూటీలో ఒక చిన్న డాక్టరమ్మ ఉంది. మా అమ్మాయి వయసే ఉంటుంది. మందుల సంచి తెచ్చారా అంది. తెచ్చాం. మొత్తం మంచం మీద బోర్లించమంది. ఒక్కొక్క షీటు చేత్తో పట్టుకుని “ఇది ఎప్పుడెప్పుడు వేసుకుంటున్నారు మామ్మగారూ?” అని అడిగింది. మూడో షీటు దగ్గర అమ్మ “రోజూ పొద్దున్నేనమ్మా” అంది. ఆ పిల్ల మొహం మారిపోయింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ మొదలుపెట్టారు. పన్నెండు రోజులు ఉంచి పంపించారు. అమ్మ ఇప్పుడు బాగానే ఉంది.

ఎవరి మీదో ఫిర్యాదు చెయ్యడానికి ఇది రాయడం లేదు. డాక్టరు గారు రాసింది సరైనదే. షాపులో ఇచ్చింది సరైన మందే. అమ్మ కూడా చెప్పినట్టే వేసుకుంటున్నాననుకుంది. ఎవరి పని వాళ్లు చేసినట్టే ఉంది, మధ్యలో ఎక్కడో జారిపోయింది. ఈ మందు విషయంలో ఇదే పొరపాటు చాలా దేశాల్లో జరిగిందని, ప్రాణాలు పోయిన సందర్భాలు కూడా ఉన్నాయని తర్వాత తెలిసింది. అందుకే చీటీ మీద “వారానికి ఒకసారి” అని వదిలెయ్యకుండా ఏ వారమో, అంటే సోమవారమా మంగళవారమా అని కూడా రాయమంటారట.

ఆ ఏ వారమో అన్న మాట దగ్గరే నాకు కడుపు తరుక్కుపోయింది. మా అమ్మ పెళ్లైన దగ్గర్నుంచి శనివారం ఒంటిపూట ఉంటుంది. పురుడు పోసుకున్న ఏడాది తప్ప ఎప్పుడూ మానలేదు. వరదొచ్చి పడవ మీద గట్టుకి చేరిన శనివారం కూడా ఉంది. “మామ్మగారూ, ఇది మీ శనివారం మాత్ర, ఒంటిపూట రోజున వేసుకోవాలి, ఇంకే రోజూ ముట్టుకోకూడదు” అని ఎవరైనా అని ఉంటే, చచ్చినా తప్పేది కాదు. మాకు జ్ఞాపకశక్తి లేక కాదండి. మీరు చెప్పే 1-0-1, అంటే పొద్దున్న ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి, మా జ్ఞాపకంలో పెట్టుకోవడానికి చోటు లేదు. శనివారానికుంది, అమావాస్యకుంది, పరగడుపుకుంది, దీపం పెట్టే వేళకుంది.

నేను కోరేది ఇంతే. మందు రాశాక “అర్థమైందా?” అనకండి. “ఏదీ, ఇంటికెళ్లాక ఎలా వేసుకుంటారో నాకొకసారి చెప్పండి” అనండి. మాకు పరీక్ష పెట్టినట్టు కాకుండా, నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటున్నానని నవ్వుతూ అంటే చాలు. అప్పుడు మేం ఆయ్ అని తప్పించుకోలేం, నోరు విప్పాలి. సాయంత్రం ఓపీలో ఎనభయ్యో నంబరు టోకెన్ చేత్తో పట్టుకుని కూర్చున్నవాణ్ని నేనే, మీకు తీరిక లేదని నాకు తెలుసు. అందరికీ కుదరకపోతే కొత్త మందు మొదలుపెట్టిన వాళ్లకైనా అడగండి. మీరు కాకపోతే బయట కూర్చున్న సిస్టరు గారైనా సరే.

ఇక మా వంతు. ఇక్కడ నా సిగ్గు కూడా చెప్పుకోవాలి.

నా చెరువుకో పుస్తకం ఉంది. సీడ్, అంటే రొయ్య పిల్లలు, వేసిన తేదీ, రోజూ మేత ఎంత, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, పీహెచ్, ఉప్పు శాతం, ఏ మందు ఎప్పుడు చల్లాం, ఎందుకు చల్లాం. ఒక్క పూట కూడా తప్పకుండా రాస్తాను. ఎగుమతి సరుకులో నిషేధించిన యాంటీబయాటిక్ ఆనవాలు దొరికితే కంటైనర్ వెనక్కొస్తుందని మాకు భయం. రొయ్యకి ఇన్ని లెక్కలు రాసే మనిషిని, మా అమ్మ ఏయే మందులు వేసుకుంటోందంటే ఒక చీరల కొట్టు సంచి చూపించాను. అందులో ఎనిమిదేళ్ల కిందటి షీట్లు కూడా ఉన్నాయి. కాకినాడ నుంచి వచ్చిన రోజునే అమ్మకీ ఒక పుస్తకం పెట్టాను. మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, దేనికి, ఎవరు రాశారు, ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆపాలి. చివరి పేజీలో పడని మందులు. ఇది రాస్తుంటే ఇంకో సంగతి బయటపడింది. బీపీకి ఒక ఊళ్లో ఒకరు, ఇంకో ఊళ్లో ఇంకొకరు రాసిన రెండు మాత్రలు పేర్లు వేరైనా లోపల మందు ఒకటే. రెండూ వేసుకుంటోంది. కళ్లు తిరుగుతున్నాయంటే వయసనుకున్నాం.

జలుబు మాత్రలతోనూ ఇదే గొడవ. జ్వరానికి డోలో వేస్తాం, జలుబుకి ఇంకో మాత్ర, ఒళ్లు నొప్పులకి ఇంకోటి. మూడింట్లోనూ పారాసెటమాల్ ఉండొచ్చు. పెద్దవాళ్లకి రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదంటారు, దాటితే కాలేయానికి దెబ్బ. లివరు బలహీనంగా ఉన్నవాళ్లకి, తాగుడున్నవాళ్లకి ఇంకా తక్కువలోనే ప్రమాదం. పేర్లు చూసి లెక్క కట్టే ఓపిక మాకుండాలి, నిజమే. కానీ పేరు చదవగలిగేలా ఉండాలి కదండీ. మందు అసలు పేరు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని మెడికల్ కౌన్సిల్ నియమావళిని 2016లోనే సవరించారు. మీలో కొందరు కంప్యూటర్ ప్రింటు ఇస్తున్నారు, వారికి దణ్ణం.

మెడికల్ షాపుల వారికి ఒక్క మనవి. పది మాత్రల షీటులో నాలుగు అడిగితే కత్తిరించి ఇస్తారు. పేరున్న ముక్క, గడువు తేదీ ఉన్న ముక్క మీ దగ్గరే ఉండిపోతాయి. మాకొచ్చేది మెరిసే రేకు. అర్ధరాత్రి వాంతులైతే 108 వాళ్లకి ఆ రేకు చూపించి ఏం చెప్పాలి? కత్తిరించినప్పుడు కవరు మీద పేరు, గడువు రాసివ్వండి. చీటీలో ఉన్న కంపెనీది దొరక్క వేరేది ఇస్తే ఆ మాట నోటితో చెప్పండి, లేకపోతే పాతదీ కొత్తదీ కలిపి వేసుకుంటారు.

ఇన్సులిన్ సిరంజిల సంగతి కూడా మీ చేతుల్లోనే ఉంది. మన దగ్గర సీసాల్లో ఎక్కువగా దొరికేది మిల్లీలీటరుకి 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నుల్లో వాడేది 100 యూనిట్లది. 100 సిరంజికి నారింజ మూత. మా వీధిలో ఒక పెద్దాయన పెన్ను పాడైపోతే, అందులోని మందునే ఎర్ర మూత సిరంజితో లాగి 20 గీత దాకా పొడుచుకున్నాడు. ఆయన లెక్కలో 20, ఒంట్లోకి వెళ్లింది 50 యూనిట్లు. పంచదార నీళ్లు సమయానికి పట్టించారు కాబట్టి సరిపోయింది. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనా అని చూసుకోమని అమ్మేటప్పుడు ఒక్కసారి వేలు పెట్టి చూపించండి.

నర్సమ్మలకు చెప్పాల్సింది పేర్ల గురించి. అన్నవరం మా వైపే కాబట్టి మాలో ఇంటికో సత్యనారాయణ, వీధికో సత్యవతి. వార్డులోకొచ్చి “సత్యవతి గారేనా?” అంటే నలుగురిలో ముగ్గురు ఆయ్ అంటారు. నాలుగో ఆవిడకి చెవుడు. మావయ్యని ఒక ఆస్పత్రిలో ఉంచినప్పుడు పక్క మంచం సత్యనారాయణ గారికి రాసిన ఇంజెక్షన్ ఈయన చేతి దాకా వచ్చింది. “నాకు షుగర్ లేదు కదమ్మా” అన్నాడు కాబట్టి ఆగింది. ఆ సిస్టరు గారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, రాత్రంతా ఒక్కత్తే వార్డు చూస్తోంది పాపం. అప్పట్నుంచీ నాకొక సంగతి తోస్తోంది. పేరు మీరు చెప్పకండి, మా చేత చెప్పించండి. “మీ పేరేంటి, ఇంటిపేరేంటి, ఏ ఊరు?” మా వైపు ఇంటిపేరు, ఊరు అడిగితే ఎవరూ కోప్పడరు, చుట్టరికం కలుస్తుందేమోనని ఇంకా సంతోషిస్తారు.

ఇంజెక్షన్ చేసేముందు “ఇది దేనికమ్మా?” అని మేం అడగొచ్చా? అడిగితే “నీకెందుకు, డాక్టరు గారు రాశారు” అనకండి. ఆ ఒక్క మాటతో వార్డంతా నోరు మూసుకుంటుంది.

“ఎలర్జీలున్నాయా?” అని ఫారంలో ఉంటుంది. మా అమ్మని అడిగితే లేవంది. ఎలర్జీ అంటే దురద అనుకుంది. నిజానికి సల్ఫా మందు వేసుకున్నప్పుడల్లా ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. మా మాట “పడదు”. వంకాయ పడదు, పీతలు పడవు, ఫలానా మాత్ర పడదు. “ఎప్పుడైనా ఏదైనా మందు పడలేదా?” అని అడిగి చూడండి, ముప్పై ఏళ్ల కిందటి సంగతులు కూడా బయటికొస్తాయి. అలాగే చెట్టు మందులు, పసర్లు, ఎవరో ఇచ్చిన పొడులు ఏమైనా వాడుతున్నారా అని కూడా అడగండి. తిడతారని మేం దాచేస్తాం. మోకాళ్ల నొప్పులకి ఊరూరా తిరిగి అమ్మే కొన్ని పొడుల్లో స్టెరాయిడ్ కలుపుతారు, అది ఉన్నట్టుండి మానేస్తే ఇంకో ప్రమాదం.

ఆపరేషన్ల గురించి ఎక్కువ చెప్పను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్ల కోసం తయారుచేసిన చెక్‌లిస్టులో 19 అంశాలున్నాయి, అందులో మొట్టమొదటిదే రోగి తన పేరు, ఏ చోట ఆపరేషన్, ఏ ఆపరేషన్, ఒప్పుకున్నాడా అని తనే చెప్పడం. శుక్లాల శిబిరంలో వరసగా కూర్చోబెట్టిన మామ్మల్ని ఎడమ కన్నా కుడి కన్నా అని అడిగి, ఆ కంటి పైన గుర్తు పెట్టడం చూశాను. ప్రతిచోటా అలాగే జరగాలి, అంతే.

ఆర్‌ఎంపీల సంగతి రాయకపోతే ఈ ఉత్తరం అబద్ధమవుతుంది. రాత్రి పదకొండింటికి, రేవు దాటించే పంటు ఆగిపోయాక లంకలో మాకు దొరికేది ఆయనే. మోటారు సైకిలు మీద వస్తాడు. ఆయన్ని తిట్టడం నా వల్ల కాదు. కానీ తప్పు సగం మాది. సూది వెయ్యకపోతే వైద్యం చేసినట్టే కాదంటాం. నీరసం అంటే గ్లూకోజ్ పెట్టమంటాం. మంచినీళ్లు, ఉప్పు పంచదార కలిపిన నీళ్లు తాగగలిగిన మనిషికి కూడా బాటిల్ ఎక్కించమని బతిమాలతాం. గట్టి యాంటీబయాటిక్ రెండు రోజులు వాడి తగ్గగానే మానేస్తాం. షీటు మీద నిలువునా ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని 2016 నుంచి ప్రచారం చేస్తున్నారు, మా ఇళ్లల్లో ఆ గీత చూసినవాళ్లు తక్కువ. ఊరి వైద్యుల్ని ఒకటే అడుగుతున్నాను. ఏం ఇంజెక్షన్ చేశారో చీటీ ముక్క మీద రాసివ్వండి. పెద్దాస్పత్రిలో “అక్కడ ఏం ఇచ్చారు?” అంటే “తెల్ల సూది” అని తప్ప ఇంకేం చెప్పలేకపోతున్నాం.

చేతులు కడుక్కోవడం గురించి ఒక పిట్టకథ. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టింది 1847లో. సరిగ్గా ఆ ఏడాదే వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, కాన్పులు చేసేముందు క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడుక్కోండని తోటి డాక్టర్లకి చెప్పాడు. బాలింతల చావులు బాగా తగ్గాయి. అయినా చాలామంది ఆయన మాట నమ్మలేదు. ఆనకట్ట అయిదేళ్లలో పూర్తయి మాకు మూడు పూటలా అన్నం పెట్టింది. రెండో పని ఇంకా సాగుతూనే ఉంది. వార్డులో మంచానికి మంచానికి మధ్య ఆ శానిటైజర్ సీసా వాడండి. మేమూ వాడతాం. ఒక రోగిని చూడ్డానికి పదిహేను మంది బయల్దేరి, చెప్పులతో వచ్చి మంచం మీదే కూర్చునేది మేమే కదా.

అడిగినంత మాత్రాన మిమ్మల్ని అనుమానించినట్టు కాదండి. ఈ మధ్య ఏ చిన్న తేడా వచ్చినా అద్దాలు పగలగొట్టడం, వీడియోలు తియ్యడం ఎక్కువైంది. దాని వల్ల ఇప్పుడు మర్యాదగా అడిగేవాణ్ని కూడా మీరు గొడవకొచ్చాడేమో అన్నట్టు చూస్తున్నారు. ఆ తప్పు మా వాళ్లది, ఒప్పుకుంటాను. కానీ ముందే నాలుగు మాటలు అడగనిస్తే ఆ గొడవల్లో కొన్ని పుట్టవు. మందు వికటిస్తే ఎవరికి చెప్పాలో కూడా మాకు తెలీదు. 1800-180-3024 అని ఒక ఉచిత నంబరుందని, రోగులు కూడా దానికి చెప్పొచ్చని నాకు తెలిసిందే ఈ ఏడాది. మీ గోడ మీద ఆ నంబరు రాయించండి. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్న నియమం మీకు తెలిసిందే, డిశ్చార్జి రోజున మేం అడగకుండానే ఇచ్చేస్తే ఇంకా మంచిది. 2022 జులై వరదలో మా లంకలో ఫైళ్లన్నీ నానిపోయాయి. ఇప్పుడు ప్రతి కాగితం ఫోటో తీసి కువైట్‌లో ఉన్న మా చెల్లెలికి పంపేస్తున్నాను. దాని ఫోన్లోకి వరద రాదు.

వైద్యం పొందే ప్రతి పదిమందిలో ఒకరికి ఆ వైద్యంలోనే ఏదో ఒక హాని జరుగుతోందని, అందులో సగానికి పైగా తప్పించగలిగేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోగుల భద్రత కోసం 2019 నుంచి ఏటా సెప్టెంబరు 17ని ఒక రోజుగా పెట్టింది. 2023లో ఆ రోజు విషయమే రోగుల్ని కలుపుకోవడం. ఆ సంగతి మా లంక దాకా రాలేదు, పోనీలెండి.

ఈసారి సెప్టెంబరు 17కి మా ఊళ్లో ఒక పని పెట్టుకున్నాం. రామాలయం అరుగు మీద అందరూ తమ మందుల సంచులు తెచ్చి బోర్లించాలి. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం ఇద్దరూ వస్తామన్నారు. గడువు దాటినవి ఒక పక్క, ఒకే మందు రెండు పేర్లతో ఉన్నవి ఒక పక్క, దేనికో తెలియనివి ఒక పక్క. మూడో కుప్పే అన్నిటికన్నా పెద్దదవుతుందని నాకు అనుమానం. దాన్ని తేల్చడం మా వల్ల కాదు. మీలో ఎవరైనా ఒక్క పూట వస్తే బాగుంటుంది. మందుల షాపు నుంచి ఒక ఫార్మసిస్టు వచ్చినా సరే. ఎవరి చీటీ, ఎవరు రాశారు అన్న మాట రానివ్వం.

రేవు దగ్గర పొద్దున్న ఎనిమిదికల్లా పడవ నేను చూసుకుంటాను. భోజనం మా ఇంట్లోనే. ఆ రోజు శనివారమైతే అమ్మ తినదు కానీ, మీకు వడ్డించడం మాత్రం మానదు.

ఇట్లు,
వైనతేయ లంకలో ఒక రొయ్యల రైతు